జాబితాలో మిగిలిన పేర్లన్నిటికీ "అపోహ" అనే రాస్తే ఎలా?

వంశధార_గట్టు
కొత్తగా చేరిన ఏఎన్‌ఎంలకి (ఊళ్లో టీకాలు వేసే నర్సులు), ఎంఎల్‌హెచ్‌పీలకి (పల్లె ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే సిబ్బంది) 2021 కోవిడ్ టీకాల మీద ఒక పాఠం తయారు చెయ్యాలి. పాత రిపోర్టులు తిరగేస్తే ఒళ్లు మండుతోంది. తీరంలో మత్స్యకార గ్రామాల్లో ఎందుకు తగ్గింది? అపోహ. సీతంపేట కొండల మీద? అపోహ. పలాస జీడి కార్మికుల్లో? అపోహ. గర్భిణుల్లో? అదే. పక్క కాలమ్‌లో "అవగాహన కల్పించాం" అని ఉంటుంది, సంతకం ఉంటుంది. ఇదే పాఠంగా చెప్తే ఆ పిల్లలు మైకు ఆటో తిప్పడం తప్ప ఏటీ నేర్చుకోరు. ఎవరిలో ఎందుకు తగ్గింది, ఎక్కడ పని చెడింది, రేపు మళ్లీ ఇలాంటి పెద్ద డ్రైవ్ వస్తే ఏం మార్చాలి, పని తెలిసినవాళ్లు రాయండి. ఒక్కో గుంపు గురించి విడిగా రాస్తే ఇంకా మంచిది.

రేవు_కబురు
మత్స్యకార గ్రామాలతో మొదలెడతాను. అక్కడి సంగతంతా క్యాలెండర్‌లోనే ఉంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ 61 రోజులూ మగవాళ్లు ఊళ్లోనే వలలు అల్లుకుంటూ ఉంటారు. 2021లో ఆ రోజుల్లో అర్హులెవరు? ఏప్రిల్ 1 నుంచి 45 దాటినవాళ్లు. 18 దాటినవాళ్లకి మే 1 నుంచి అని ప్రకటించారు గానీ సీసాలేవి? మే నెలలో మన రాష్ట్రానికి వచ్చిన సరుకు ముందు రెండో డోసులకే కేటాయించారు. కేంద్రం 18 దాటిన అందరికీ ఉచితంగా ఇవ్వడం జూన్ 21న మొదలైంది, అంటే వేటకి దిగిన వారానికి. పడవ మీద పని చేసేది ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్లవాళ్లు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ వయసు చాలదన్నాం. వయసు చాలేసరికి మనిషి సముద్రం మీద ఉన్నాడు.

తర్వాత ఇంకో దెబ్బ పడింది. జులై ఆఖరు, ఆగస్టు వచ్చేసరికి మన రేవుల నుంచి కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్ బోట్లకి బయల్దేరిపోతారు. జూన్ చివర్లో కోవిషీల్డ్ మొదటి డోసు పడిందనుకోండి, రెండు డోసుల మధ్య 84 రోజుల గడువు లెక్కేస్తే రెండోది సెప్టెంబర్ మూడో వారానికి వస్తుంది. అప్పటికి మనిషి గుజరాత్‌లో. ఇలాంటి పేర్ల పక్కన "నిరాకరించారు" అని రాశారు. అసలు అడిగితే కదా నిరాకరించడానికి!

రోజులో టైం కూడా చూడాలి. తెప్పలు తెల్లారకముందే దిగుతాయి, పొద్దెక్కాక వస్తాయి, ఆ తర్వాత చేపల బేరం, తిండి, నిద్ర. మన సెషన్ 9 గంటలకి గ్రామ సచివాలయంలో. మధ్యాహ్నం 3 నుంచి చీకటి పడేదాకా రేవు దగ్గర తుఫాను షెల్టర్‌లో కూర్చుంటే ఒక్కరిని బతిమాలక్కర్లేదు.

లెక్కల_పద్దు
రేవు_కబురు గారి మాటకి లెక్క వైపు నుంచి బలం. కోవిన్‌లో (కోవిడ్ టీకాలు నమోదు చేసిన ప్రభుత్వ వెబ్‌సైట్) డోసు ఎక్కడ వేస్తే ఆ సెంటర్‌కే జమ, మనిషి సొంతూరికి కాదు. వలసలున్న ఊళ్లో దీనివల్ల శాతం ఎలా పాడవుతుందో చూడండి. 18 దాటినవాళ్లు 400 మంది ఉన్న ఊరు అనుకుందాం. 120 మంది హైదరాబాద్, చెన్నై పనుల్లో ఉండి అక్కడే వేయించుకున్నారు. ఊళ్లో మిగిలిన 280 మందిలో 252 మందికి పడింది, అంటే నూటికి 90. రిపోర్టులో మాత్రం 252ని 400తో భాగిస్తారు. 63 శాతం. ఊరికి ఎర్ర రంగు, మర్నాడు మైకు ఆటో.

ఇంకోటి. కోవిన్‌లో కులం కాలమ్ లేదు. ఆరోగ్య సిబ్బంది, ఫ్రంట్‌లైన్ అన్న రెండు వర్గాలు తప్పితే వృత్తి కూడా లేదు. వయసు, ఆడ మగ, టీకా పేరు, డోసు, సెంటర్, అంతే. "మత్స్యకారుల్లో ఇంత శాతం, జాతాపు గిరిజనుల్లో ఇంత శాతం" అని ఎవరైనా స్లైడ్ చూపిస్తే ఆ అంకె ఏ జాబితాలోంచి తీశారో అడగండి. మామూలుగా జరిగేది ఏమిటంటే, ఆ మండలంలో ఎవరెక్కువో చూసి మండలం శాతాన్ని వాళ్లకి అంటించేస్తారు. కొండ మండలంలోనూ కింద బజారు వీధి ఉంటుంది, రోడ్డు పక్క ఊళ్లుంటాయి. వాటి శాతం బాగుండి సగటు లాగేస్తే పైన గూడల్లో (గిరిజనుల చిన్న పల్లెల్లో) ఎవరికీ పడలేదన్న సంగతి కనపడదు.

పాఠం రాసేటప్పుడు జిల్లా పేరు దగ్గర కూడా జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4 తర్వాత పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరంలో కలిశాయి. 2021 శ్రీకాకుళం, 2022 మే శ్రీకాకుళం ఒకటి కావు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి "పెరిగింది, తగ్గింది" అంటే అర్థం లేదు.

మైకు_ఆటో
అందరూ కలిసి నన్ను రోడ్డు మీద నిలబెట్టేశారు. భయం అసలు లేదన్నట్టు మాట్లాడకండి, ఉంది. మే 2021లో, టీకా వేయించుకున్నవాళ్లు రెండేళ్లలో పోతారని వాట్సాప్‌లో తిరిగిన అబద్ధం మారుమూల ఊళ్లదాకా పాకింది. పిల్లలు పుట్టరని ఇంకోటి. మగవాళ్ల దగ్గర ఇవేవీ కావు, ఒకటే ప్రశ్న: మందు వేయించుకుంటే మందు మానాలా? నెల మానాలని ఒకరు, రెండు నెలలని ఒకరు. అలాంటి నియమం ఏదీ లేదు, మద్యం వల్ల టీకా పని చెయ్యదన్న ఆధారమూ లేదు. కానీ "తాగితే చస్తావు" అని సెషన్‌లోనే బెదిరించిన సిబ్బంది ఉన్నారు. తాగుడు మాన్పించాలన్న మంచి ఉద్దేశమే కావచ్చు. దాంతో వీధి మగవాళ్లంతా జారుకున్నారు.

గూడబాట
భయం ఉందండీ, కాదనను. కానీ కొండ మీద భయం ఎక్కడ పుట్టిందో చూడాలి. గూడలో మొదట వేయించుకున్నవాళ్లకి రాత్రి జ్వరం, ఒళ్లు నొప్పులు. ఇది మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతుందని ముందు చెప్పినవాళ్లు లేరు. పారాసిటమాల్ నాలుగు బిళ్లలు చేతిలో పెట్టలేదు. రెండు రోజులు పోడుకి పోలేదు, కూలి పోయింది. మర్నాడు పలకరించడానికి ఒక్కరూ కొండెక్కలేదు. ఇంక రెండోసారి జీపు చప్పుడు వింటే అడవిలోకి పోరా మరి?

కొండకి వెళ్లేవాళ్లు ఇలగ చెయ్యాలి. ముందురోజు ఆశా లేదా సీహెచ్‌డబ్ల్యూ (గూడల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త) గూడలోకి వెళ్లి సవర భాషలోనే చెప్పాలి: రేపు చెయ్యి నొప్పెడతాది, రాత్రి జ్వరం రావచ్చు, ఈ బిళ్ల వేసుకోవాలి, ఎల్లుండికి తగ్గిపోతాది. ఈ నాలుగు ముక్కలు చాలు. తెలుగులో గంట ఉపన్యాసం ఇస్తే తల ఊపుతారు గానీ మనసుకెక్కదు. గూడని ఒకేసారి ఊడ్చేయకుండా ఇంటికొకరు చొప్పున రెండు విడతలుగా వెయ్యాలి. అప్పుడు ఒకరికి జ్వరమొచ్చినా గంజి కాచేవాళ్లు, మేకలు తోలేవాళ్లు ఇంట్లో మిగులుతారు. ఇది డాక్టర్ల పుస్తకంలో ఉండదు, ఇంటి లెక్క. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఎక్కాలి, ఎవరికి ఎలగుందో అడగాలి. ఆ రెండో ఎక్కుడు మానేస్తే మొదటిది కూడా వృథా.

టైం: పొద్దున్న 6 లోపు, లేదా సాయంత్రం 5 తర్వాత. ఆ మధ్యన గూడలో ముసలివాళ్లు, పసిపిల్లలే ఉంటారు. సంత రోజున ఎవరూ దొరకరనుకోవద్దు. సంతలోనే బల్ల వేసుకు కూర్చోండి, నాలుగు కొండల మనుషులు ఒకేచోట దొరుకుతారు. కాకపోతే అక్కడ వేసినవాళ్ల గూడ పేరు, ఇంటి పెద్ద పేరు రాసుకోకపోతే మర్నాడు ఎక్కడని వెతుకుతారు?

మైకు_ఆటో
ఇంటికొకరు చొప్పున అన్నది బాగుంది, పాఠంలో పెట్టాల్సిందే. సంత మాత్రం ఒప్పుకోను. వేశాక 30 నిమిషాలు కూర్చోబెట్టాలి. సరుకులు బుట్టలో పెట్టుకుని జీపు కోసం చూసేవాళ్లు అరగంట ఎక్కడ కూర్చుంటారు?

గూడబాట
సంత మొదలయ్యే టైంలో కాదు, అమ్మకాలు అయిపోయి ఎండ చల్లబడ్డాక మొదలెట్టాలి. జీపులవాళ్లతో ముందే మాట్లాడి సెషన్ అయ్యేదాకా ఆపించాలి. ఒక షామియానా, కుండలో మంచినీళ్లు. కూర్చుంటారు.

ఐస్‌ప్యాక్_4
అసలు సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. సీసా.

కోవిషీల్డ్ సీసాలో 10 డోసులు, ఒక్కోటి 0.5 మిల్లీలీటర్. కోవాగ్జిన్ మొదట్లో 20 డోసుల సీసా, తర్వాత 10. తెరిస్తే 4 గంటల్లో వాడెయ్యాలి. పోలియో చుక్కల సీసాలాగా మిగిలింది జాగ్రత్తచేసి మళ్లీ వాడే వీలు దీనికి లేదు, పారెయ్యాల్సిందే. ఇప్పుడు గూడలో ఏడుగురే ఉన్నారనుకోండి. తెరిస్తే మూడు డోసులు వృథా, సాయంత్రం రివ్యూలో "వేస్టేజీ ఎందుకొచ్చింది" అని నిలదీస్తారు. తెరవకపోతే? "లబ్ధిదారులు ముందుకు రాలేదు" అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఎవరూ అడగరు. ఏఎన్‌ఎం ఏం చేస్తుంది? మీటింగ్‌లో తిట్లు ఒకవైపే పడుతుంటే చెయ్యి ఇంకోవైపుకి వెళ్తుంది. ఆ ఏడుగురూ లైన్లో నిలబడి వెనక్కి వెళ్లిపోయారు, కాగితం మీద మాత్రం వాళ్లే వద్దన్నారు. చిన్న గూడలు, చిన్న వీధులు, పదిమంది లేని చోట్లన్నీ ఇలాగే మిగిలిపోయాయి. పది మంది జమ కావడం అన్న షరతు గుంపు సైజుని బట్టి మనుషుల్ని వేరు చేస్తుంది. ఇది అపోహ కాదు, సీసా సైజు.

లెక్కల_పద్దు
పై పోస్టు అచ్చు తీసి గోడకి అంటించాలి.

వంశధార_గట్టు
ఐస్‌ప్యాక్ గారూ, మరి దారేంటి? వృథా అయినా ఫర్వాలేదని కొత్తవాళ్లకి చెప్పమంటారా? సరుకు కొరత ఉన్న మే నెలలో మూడు డోసులంటే ముగ్గురు మనుషులు కదా.

ఐస్‌ప్యాక్_4
కొరత రోజుల్లో చెప్పలేం, సరుకు దొరికిన రోజుల్లో చెప్పొచ్చు, చెప్పాలి కూడా. రెండిటికీ ఒకే రూలు పెట్టడమే తప్పు. దారులు ఇవి.

రూటుని గూడ వారీగా కాకుండా సీసా వారీగా గీయండి. తెరిచిన టైం లేబుల్ మీద రాయాలి. ఇంటింటికీ తిరిగే బృందమైతే ఆ 4 గంటల్లో నడిచి చేరగలిగే ఇళ్లన్నీ ఒక సీసా కింద లెక్క. ఏడుగురున్న గూడ, దారిలో కళ్లంలో ముగ్గురు, కలిపితే పది. సమయం మించితే ఇంకా రెండు డోసులున్నా అక్కడితో ఆపెయ్యాలి, మొహమాటం లేదు.

ముందురోజు ఫోన్ కాదు, మనిషిని పంపి తలకాయలు లెక్కపెట్టించాలి. పదికి తగ్గితే కింది ఊరి నుంచి రెండో డోసు టైం అయినవాళ్లని ఇద్దరు ముగ్గురిని అదే జీపులో ఎక్కించుకెళ్లడం ఒక పద్ధతి.

క్యారియర్ సంగతి. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌లు అలాగే సర్దెయ్యకండి. బల్ల మీద పరిచి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడేదాకా ఆగాలి. గట్టి మంచుకి ఆనితే సీసా గడ్డకడుతుంది. కోవాగ్జిన్ లాంటి ఆలమ్ (టీకా ప్రభావం పెంచే అల్యూమినియం లవణం) ఉన్న టీకా ఒకసారి గడ్డకడితే పనికిరాదు, కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా సరే. నాలుగు ప్యాకులూ నాలుగు గోడలకి, సీసాలు మధ్యన జిప్ కవర్లో. జీపు ఆగిన చోట నుంచి గంట నడకైతే క్యారియర్ మోసేవాళ్లకి తడిగుడ్డ ఇవ్వండి, పైన కప్పుతారు. మూత ఎక్కడపడితే అక్కడ తెరవకూడదు.

జీడితోట
పలాస జీడి పిక్కల పని గురించి. బట్టీల దగ్గర, పిక్క కొట్టే చోట, తొక్క తీసే చోట ఎక్కువమంది ఆడవాళ్లు. కూలి రోజు లెక్క కాదు, కిలోల లెక్క. సెషన్‌కి వెళ్లి అరగంట లైన్, అరగంట కూర్చోవడం, రానూపోనూ ఆటో, అంటే పూట కూలి పోయింది. మర్నాడు జ్వరమొస్తే ఇంకో రోజు. టీకా ఉచితం అని మనం అంటాం, ఆమెకి అది రెండు రోజుల కూలి ఖరీదు. 2021 ఏప్రిల్ 11 నుంచి పనిచోటే సెషన్ పెట్టొచ్చని మార్గదర్శకాలు వచ్చాయి, కాకపోతే అర్హులు సుమారు వందమంది ఉండాలి. అప్పట్లో అర్హత 45 దాటినవాళ్లకే. ముప్పై నలభై మంది పనిచేసే బట్టీలో 45 దాటినవాళ్లు ఎంతమంది ఉంటారు? నాలుగైదు బట్టీలు కలిపి ఒకచోట పెట్టాలంటే యజమానులు మాట్లాడుకోవాలి, ఎవరి బట్టీలో పెట్టాలన్న దగ్గరే ఆగిపోయేది. పని దిగే టైంలో, శనివారం సాయంత్రం పెడితే ఆదివారం ఒళ్లు నొప్పులు పోతాయి. వారం ఎంచుకోవడం కూడా వైద్యమే.

నాగావళి_ఇసుక
ఉద్దానం కిడ్నీ రోగుల గురించి కూడా రాయండి జీడితోట గారూ. కవిటి, సోంపేట, మందస వైపు "డయాలసిస్‌వాళ్లకి వద్దంట" అని గట్టిగా నాటుకుపోయింది.

జీడితోట
అది ఊరికే పుట్టలేదు, మన రూలులోంచే పుట్టింది. 2021 మార్చి 1న 60 దాటినవాళ్లకి, 45–59లో జబ్బులున్నవాళ్లకి మొదలైంది. ఆ జబ్బుల జాబితాలో 20 ఉన్నాయి. కిడ్నీ వరకు చూస్తే మార్పిడి అయినవాళ్లు, దానికోసం ఎదురుచూసేవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు. క్రియాటినిన్ పెరిగి ఇంకా డయాలసిస్‌దాకా రానివాళ్లు ఆ జాబితాలో లేరు. ఉద్దానంలో అలాంటివాళ్లే ఎక్కువ. 38 ఏళ్లకే డయాలసిస్ ఎక్కినవాళ్లున్నారు, వాళ్లకి వయసు చాలదు. పైగా డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. సెంటర్ దగ్గర "నీకు లేదు" అన్న మాట ఊళ్లోకి చేరేసరికి "కిడ్నీ జబ్బుకి వెయ్యకూడదంట" అయిపోయింది. తర్వాత అర్హత వచ్చినా ఆ మాట పోలేదు.

వెయ్యడంలో జాగ్రత్తలు: ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యి వదిలి రెండో చేతికి. డయాలసిస్‌లో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) ఇస్తారు కాబట్టి వేశాక కనీసం రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి, రుద్దకూడదు. వీళ్లు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ సెంటర్‌కి వస్తూనే ఉంటారు. అక్కడే జాబితా పెట్టుకుని వేస్తే సరిపోయేదానికి, వాళ్లని మళ్లీ ఊరి సచివాలయం లైన్లో నిలబెట్టడమెందుకు?

చంపావతి_ఒడ్డు
ఆడ మగ తేడా ఎవరూ ఎత్తలేదు. దేశం మొత్తం మీద మగవాళ్ల డోసులు ముందున్న 2021 జూన్‌లో, ఆడవాళ్ల డోసులు మించిన కొద్ది రాష్ట్రాల్లో మనది ఒకటి. కారణం వెతికితే, ఐదేళ్లలోపు పిల్లల తల్లులకి ఆ నెలలో ముందు వేశారు. ఆ తల్లి పేరు అంగన్‌వాడీ రిజిస్టర్‌లో అప్పటికే ఉంది. సెషన్ ఇంటికి దగ్గర. పిలిచేది ఆశా, పురిటికి తోడొచ్చిన మనిషి. జాబితా, చోటు, పిలుపు మూడూ కుదిరాయి. అదే ఫోన్‌లో స్లాట్ పట్టుకున్నవాళ్లకే అని వదిలేసుంటే? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్-5)లో మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 21.0 శాతం, మగవాళ్లు 48.8. ఆ పద్ధతిలో ఫలితం తల్లకిందులయ్యేది. ఆడవాళ్లకి భయం తక్కువ, మగవాళ్లకి ఎక్కువ అని ఎవరూ అనరు కదా.

లెక్కల_పద్దు
చంపావతి గారు, ఒప్పుకుంటూనే ఒక మెలిక. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆడవాళ్ల వాటా ఎక్కువ కనపడటంలో కొంత వలసది. మగవాళ్ల డోసులు హైదరాబాద్, చెన్నై ఖాతాల్లో పడ్డాయి. ఇంటింటి జాబితాతో సరిచూడకుండా మొత్తం ఘనత తల్లుల డ్రైవ్‌కే ఇవ్వలేం.

చంపావతి_ఒడ్డు
సరే, మన జిల్లాల వరకు ఒప్పుకుంటాను. మరి వలస లేని పట్నం వార్డుల్లో ఏం జరిగిందో వార్డు సచివాలయం జాబితాలు తీస్తేగానీ తేలదు.

గర్భిణుల విషయంలో తప్పు మనదే. జనవరి నుంచి జూన్ దాకా "గర్భిణులకి వద్దు" అని చెప్పింది మనమే, రాసింది మనమే. 2021 జులై 2న అనుమతి వచ్చింది. అదే ఏఎన్‌ఎం, అదే గుమ్మం, ఇప్పుడు "వేయించుకో అమ్మా". ఏ అత్తగారైనా అడుగుతుంది, మొన్న వద్దన్నావు కదా అని. దాన్ని అపోహ అనకూడదు, జ్ఞాపకం అంటారు. అడిగినప్పుడు దాటెయ్యకుండా ఉన్నదున్నట్టు చెప్తే పని జరిగేది: అప్పుడు గర్భిణుల మీద చాలినంత సమాచారం లేక ఆపారు, ఇప్పుడు కోవిడ్ వస్తే కడుపుతో ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువని తేలింది, అందుకని ఇస్తున్నారు. ప్రతి నెలా 9న పీఎంఎస్ఎంఏ (గర్భిణుల ఉచిత పరీక్షల పథకం) రోజున ఎలాగూ డాక్టర్ దగ్గరికి వస్తారు. భర్త, అత్తగారు పక్కనుండగా డాక్టర్ చేత చెప్పించి అక్కడే వెయ్యాలి. పాలిచ్చే తల్లులకి అనుమతి మే 19నే వచ్చింది, అదీ చాలా గుమ్మాలకి నెల ఆలస్యంగా చేరింది.

పైడితల్లి_వీధి
మొదటి గుంపు మనమే కదా, ఆరోగ్య సిబ్బంది. జనవరి 16న మొదలైతే మనలోనే ఎంతోమంది వెనకాడారు. కోవాగ్జిన్ ఇచ్చేచోట మార్చి మొదటి వారం దాటేదాకా క్లినికల్ ట్రయల్ పద్ధతి, వేరే అంగీకార పత్రం. ఆ కాగితం చదివిన నర్సు ఆలోచించిందంటే తప్పేముంది? అప్పట్లో దాన్ని "సందేహం" అన్నాం. కూలి మనిషి అదే అడిగితే "అపోహ" అన్నాం. కొత్తవాళ్లకి ఇది తప్పకుండా చెప్పండి.

సిబ్బందికి వేసేటప్పుడు ఒక వార్డు వాళ్లందరికీ ఒకేరోజు వెయ్యకూడదు. మర్నాడు సగం మంది జ్వరంతో పడుకుంటే డ్యూటీ ఎవరు చేస్తారు?

రేవు_కబురు
కాలనీల సంగతి. సెషన్ ఎప్పుడూ పెద్ద ఊళ్లో రామకోవెల దగ్గరో, పంచాయతీ ఆఫీసులోనో. ఎస్సీ కాలనీ ఊరి చివర. దూరం అరకిలోమీటరే కావచ్చు. ఆ అరకిలోమీటరులో ఎవరి అరుగు ముందు నుంచి నడవాలి, ఎవరి పక్కన కుర్చీలో అరగంట కూర్చోవాలి అన్నది మ్యాపులో కనపడదు. వారం ఊళ్లో పెడితే వారం కాలనీ అంగన్‌వాడీలో పెట్టండి. ఊళ్లోవాళ్లు కూడా అక్కడికే వస్తారు, టీకా కావాలంటే.

చంపావతి_ఒడ్డు
ఆఖరి మాట నూటికి నూరుపాళ్లు. విజయనగరంలో ముస్లిం వీధులకీ ఇదే తీరు. 2021లో రంజాన్ మాసం ఏప్రిల్ 14 నుంచి మే 13 దాకా, సరిగ్గా 45 దాటినవాళ్ల డ్రైవ్ నడిచే రోజులు. సూదితో ఉపవాసం భంగం కాదని మతపెద్దలు చెప్పారు. కానీ జ్వరమొస్తే బిళ్ల వేసుకోవాలి, నీళ్లు తాగాలి, అక్కడ ఇబ్బంది. రాత్రి నమాజు తర్వాత సెషన్ పెడితే తెల్లారేలోగా బిళ్ల వేసుకునే వీలుంటుంది.

నాగావళి_ఇసుక
స్కూలు పిల్లల్లో ఏ గొడవా లేకుండా అయిపోయింది. 2022 జనవరి 3న 15–18 ఏళ్లవాళ్లకి కోవాగ్జిన్, మార్చి 16న 12–14కి కార్బెవాక్స్. హాజరుపట్టీయే జాబితా. మిగిలిందల్లా బడి మానేసినవాళ్లు: మెకానిక్ షెడ్లలో, టిఫిన్ బళ్ల దగ్గర, ఇటుక బట్టీల్లో. హాజరుపట్టీలో లేని పిల్లవాడు వందశాతంలో కూడా లేడు.

లెక్కల_పద్దు
వందశాతం అన్నారు కాబట్టి చెప్తున్నాను. 100 శాతం అని రాసిన ఊరినే నేను ముందు తనిఖీ చేయమంటాను. ఒక మొబైల్ నంబర్ మీద మొదట్లో నలుగురిని ఎక్కించొచ్చు, తర్వాత ఆరుగురు. ఫోన్ లేనివాళ్లకి పక్కింటివాళ్లదో, వాలంటీర్‌దో నంబర్ ఇచ్చారు. రెండో డోసు రోజున జాబితాలో ఒకరి బదులు ఇంకొకరి పేరు నొక్కితే వేయించుకోని మనిషికి "విజయవంతంగా పూర్తయింది" అని మెసేజ్, వేయించుకున్న మనిషి బాకీ. సిగ్నల్ లేని చోట కాగితం మీద రాసుకుని మూడో రోజున ఎక్కిస్తే డోసు తేదీ మారిపోయి రెండో డోసు గడువు కూడా జరిగిపోతుంది. గుజరాత్ వెళ్లిన కుర్రాడి దగ్గర ఓటీపీ లేక, అక్కడ వేరే గుర్తింపు కార్డుతో కొత్తగా మొదటి డోసు కింద ఎక్కిస్తారు. మనిషికి రెండు డోసులు, రికార్డులో రెండు "మొదటి" డోసులు. ఇలాంటివి కలపడానికి కోవిన్‌లో తర్వాత సదుపాయం పెట్టారు, వాడుకున్నవాళ్లు తక్కువ.

ఇంకో గుంపు ఉంది. రెండో వేవ్‌లో కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు. 2021 మే 19 మార్గదర్శకాల ప్రకారం కోలుకున్నాక మూడు నెలలు ఆగాలి. మే నెలలో సగం వీధి పాజిటివ్ అయితే ఆ వీధి ఆగస్టుదాకా ఖాళీగానే కనపడుతుంది. వాళ్లు రూలు పాటించినవాళ్లు.

మైకు_ఆటో
ఇదంతా చదివాక నా మాట కొంచెం మార్చుకుంటాను. భయం ఉంది, కానీ మిగిలిన పేర్లలో ఎంతమందిది భయమో లెక్క తీయకుండా ఆటో ఎక్కకూడదు. తీశాక మాత్రం నన్ను పిలవండి, భయమున్న ఇంటికి మైకు లేకుండానే వస్తాను.

గూడబాట
గుర్తింపు కార్డు లేనివాళ్లని మర్చిపోకండి. సంచారజాతులు, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లు, రోడ్డు మీద బతికేవాళ్లకి కార్డు లేకుండా వెయ్యడానికి 2021 మే 6న విడిగా పద్ధతి వచ్చింది. గుంపుకి ఒక బాధ్యుణ్ణి పెట్టి, ఆయన ఫోన్ మీద నమోదు చెయ్యాలి. ఇది తెలియక "ఆధార్ తెచ్చుకో" అని తిప్పి పంపేసిన సెంటర్లున్నాయి.

వంశధార_గట్టు
ఇంత వస్తుందనుకోలేదు, పాఠం రూపం మొత్తం మార్చేస్తున్నాను. శిక్షణలో ఒక ఊరి జాబితా ఇచ్చి, టీకా పడని ప్రతి పేరు పక్కనా కారణం రాయించే అభ్యాసం పెడతాను. కాలమ్‌లు ఇలా అనుకుంటున్నా: అప్పటికి అర్హత లేదు, ఊళ్లో లేరు, వేరేచోట వేయించుకున్నారు, వచ్చారు కానీ వెయ్యలేదు, జబ్బు వల్ల వాయిదా, మంచం మీద ఉన్నారు, వద్దన్నారు. "వద్దన్నారు" అని రాస్తే వాళ్లు అన్న మాట యథాతథంగా పక్కన రాయాలి. సరిపోతుందా?

ఐస్‌ప్యాక్_4
"వచ్చారు కానీ వెయ్యలేదు" దగ్గర సీసా తెరవలేదా, సరుకు లేదా, నెట్ లేదా అని విడగొట్టండి. మూడిటికీ జవాబు చెప్పాల్సిన మనుషులు వేరు.

రేవు_కబురు
"ఊళ్లో లేరు" పక్కన ఎక్కడికి, ఎప్పుడు వస్తారు అని కూడా. సంక్రాంతికి వస్తారా, వేట నిషేధానికి వస్తారా అన్నది తెలిస్తే సెషన్ తేదీ అదే చెప్తుంది.

లెక్కల_పద్దు
ఫోన్ నంబర్ కాలమ్‌లో ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో కూడా రాయించండి.